చిటికెడు ఈస్టు: లూయీ పాశ్చర్ జీవితం

మహనీయుల జీవితాలను గూర్చి ఈ ప్రత్యేక సంచికకు వ్యాసాలు పంపవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు సభ్యులందరినీ కోరారు. జాతీయ నాయకులను గూర్చి, వాగ్గేయకారులను గూర్చి రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు, ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. కనుక లెక్కనూ, నోటు పుస్తకాన్నీ నమ్ముకుని పనిచేసిన ఒక శాస్త్రవేత్తను ఎన్నుకున్నాను. ఆయన ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ పాశ్చర్.

పాశ్చర్ అనగానే మనకు కుక్కకాటు మందూ, పాశ్చరైజ్ చేసిన పాల ప్యాకెట్టూ గుర్తుకు వస్తాయి. ఈ రెండింటికీ మూలం ఆయన ఈస్టు మీద చేసిన పని అని చాలామందికి తెలియదు. మన సభ్యుల పిల్లలు, మనవలు ఎందరో విదేశాలలో ఉన్నారు. అక్కడ పండ్ల రసంతో ఇంట్లోనే వైన్ చేసుకోవడం కొందరికి ఒక సరదా. మెల్‌బోర్న్‌లో ఉన్న మా చెల్లెలి మనవడు ఆ మధ్య ఫోనులో మాట్లాడుతూ, వైన్ తొందరగా తయారవుతుందని ఈస్టు మూడింతలు వేశాననీ, చివరకు అదంతా ఈస్టు వాసన కొట్టిందనీ చెప్పాడు. అసలు ఎంత వేయాలి తాతయ్యా అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం పాశ్చర్ జీవితంలోనే ఉంది. అందుచేత ఆయన కథ చెబుతూనే ఆ లెక్క కూడా చెబుతాను.

బాల్యం, చదువు

పాశ్చర్ 1822 డిసెంబరు 27న తూర్పు ఫ్రాన్సులోని డోల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్లు పదును చేసే పనితో కుటుంబాన్ని పోషించాడు. లూయీ పసివాడుగా ఉండగానే వారు ఆర్బ్వా అనే చిన్న పట్టణానికి మారారు. ఆ ఊరి చుట్టూ ద్రాక్షతోటలే. ప్రతి శరదృతువులోనూ ద్రాక్ష తొక్కడం, తొట్లలో రసం పొంగడం, పీపాలకు ఎత్తడం చూస్తూ ఆయన పెరిగారు.

చిన్నతనంలో ఆయన బొమ్మలు బాగా వేసేవారు. చదువులో మాత్రం సాధారణ విద్యార్థే. 1838లో పై చదువుకని పారిస్ పంపితే, ఇంటి మీద బెంగపెట్టుకున్నారు. కొద్ది వారాలకే తండ్రి వెళ్లి వెనక్కు తీసుకువచ్చాడు. 1842లో జరిగిన పరీక్షలో రసాయనశాస్త్రంలో ఆయనకు అంతంతమాత్రం అన్న యోగ్యతే దక్కింది. పారిస్‌లోని ఎకోల్ నార్మల్ ప్రవేశ పరీక్షలో నెగ్గారు గాని, స్థానం దిగువన ఉన్నదని చేరలేదు. ఒక ఏడాది కష్టపడి మళ్లీ రాసి నాలుగో స్థానం సంపాదించుకుని 1843లో చేరారు. డిపార్టుమెంటల్ పరీక్షలు రెండు మూడుసార్లు రాసిన మన సోదరులకు ఇది ఊరట కలిగించే సంగతే.

వైన్ పీపాల అడుగున, గోడలకు ఒక లవణం పేరుకుంటుంది. దాని నుండి టార్టారిక్ ఆమ్లం తీస్తారు. 1848లో పాశ్చర్ ఆ జాతి లవణపు స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, కొన్ని కుడిచేయి వాటంగాను, కొన్ని ఎడమచేయి వాటంగాను ఉన్నట్లు కనిపెట్టారు. వాటిని ఓపికగా చేత్తో వేరుచేశారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఐదు. ఆ ఒక్క పనితో శాస్త్రజ్ఞులలో పేరు వచ్చింది.

1849లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆచార్యుడుగా చేరి, ఆ ఏడు మే నెలలోనే మరీ లోరాన్ అనే ఆమెను వివాహమాడారు. ఆమె ఇల్లాలే కాదు, ఆయనకు లేఖకురాలు కూడా. ఆయన చెబుతూ ఉంటే సాయంకాలాలు వ్యాసాలు రాసుకునేది, సాపు రాసి ఇచ్చేది. నలభై ఆరేళ్ల సంసారంలో ఆమె రాసిన పుటలు ఎన్నో!

లిల్ పట్టణంలో చెడిపోయిన తొట్లు

1854లో పాశ్చర్‌ను ఉత్తర ఫ్రాన్సులోని లిల్ పట్టణంలో సైన్సు విభాగానికి అధిపతిగా నియమించారు. ఆ ప్రాంతంలో బీట్ దుంపల రసాన్ని పులియబెట్టి ఆల్కహాలు తీసే కార్ఖానాలు ఉండేవి. 1856లో బీగో అనే కార్ఖానాదారు, తన కుమారుని గురువైన పాశ్చర్ వద్దకు వచ్చి మొరపెట్టుకున్నాడు. ఆయన తొట్లలో కొన్ని సరిగా పులియక, పుల్లగా జిగటగా మారి నష్టం వస్తోంది.

పాశ్చర్ ఆ కార్ఖానాకు పలుమార్లు వెళ్లి ఒక్కొక్క తొట్టి నుండి నమూనా తెచ్చి సూక్ష్మదర్శిని కింద చూశారు. మంచి తొట్లలో గుండ్రని ఈస్టు కణాలు కనిపించాయి. కొన్ని కణాల పక్కన చిన్న మొగ్గలు కూడా ఉన్నాయి. చెడిన తొట్లలో వాటికంటే బాగా చిన్నవైన పుల్లల వంటివి గుంపులుగా కనబడ్డాయి. పాలను పులియజేసేది కూడా ఈ చిన్నవాటి జాతే అని ఆయన 1857లో ప్రకటించారు. అంటే తొట్టిలో పంట ఈస్టుది, కలుపు మొక్క ఈ రెండోది అన్నమాట.

ఈ సంగతి మన ఇల్లాళ్లకు కొత్త కాదు. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగవుతుంది. మనవైపు తోడు అనేదాన్నే రాయలసీమలో చేమిరి అంటారు. తోడు ఎక్కువైతే పెరుగు ఎక్కువ కాదు, పులుపు ఎక్కువవుతుంది. ఆ తోడులో ఉన్నవి ప్రాణమున్న జీవులని సూక్ష్మదర్శినితో చూపినవాడు పాశ్చర్.

గుండుసూది తలంత

ఈ మాట ఆనాడు సులభంగా చెల్లుబాటు కాలేదు. ఈస్టు ఒక జీవి అని 1837 ప్రాంతంలోనే కానియార్ డ లాతూర్, ష్వాన్ మొదలైనవారు చెప్పారు. జర్మనీలో రసాయనశాస్త్రానికి పెద్దదిక్కయిన లీబిగ్ వర్గం వారిని ఎగతాళి చేసింది. లీబిగ్ వాదం ప్రకారం ఈస్టు కుళ్లుతూ ఉండే ఒక పదార్థం. ఆ కుళ్లులోని కదలిక చక్కెరకు అంటుకుని, చక్కెర కూడా విరిగి ఆల్కహాలుగా, బొగ్గుపులుసు గాలిగా మారుతుంది. పులియడానికి ప్రాణంతో పనిలేదు.

ఇది పండితుల మధ్య మాటల పోరాటం మాత్రమే అనుకోరాదు. ఈస్టు ప్రాణం లేని ద్రవ్యమైతే, ఎక్కువ వేసినకొద్దీ ఎక్కువ పని జరగాలి. ప్రాణమున్నదైతే, కొంచెం వేసినా అది తన సంతతిని తానే పెంచుకోవాలి. ఎంత వేయాలి అన్న మన ప్రశ్న అంతా ఈ తేడాలోనే ఉంది.

పాశ్చర్ 1857లో పారిస్‌కు వచ్చి, ఎకోల్ నార్మల్‌లో పైకప్పు కింద ఒక ఇరుకు గదిని ప్రయోగశాలగా చేసుకున్నారు. అక్కడ చేసిన ప్రయోగాలను 1860లో ప్రచురించారు. వాటిలో ఒకటి నాకు మిక్కిలి ఇష్టమైనది. శుద్ధమైన నీటిలో ఆయన కలకండ కలిపారు. ఒక అమ్మోనియా లవణం కొంచెం వేశారు. ఈస్టును కాల్చగా వచ్చిన బూడిద కొంచెం వేశారు. కుళ్లడానికి అందులో మాంసకృత్తు ఏదీ లేదు. చివరగా గుండుసూది తలంత తాజా ఈస్టు వేశారు. కొద్ది రోజులకు నీరు పొంగింది, చక్కెర పులిసింది, అడుగున ఈస్టు వేసినదానికంటే ఎన్నో రెట్లు పెరిగి పేరుకున్నది. కుళ్లి క్షీణించే పదార్థమైతే అది తరగాలి గదా! పెరిగింది కాబట్టి అది బ్రతికి, తిని, పిల్లలను కన్నదని తేలింది.

మరొక సంగతి. చక్కెర సరిగ్గా ఆల్కహాలు, బొగ్గుపులుసు గాలి అనే రెండుగానే విడిపోతుందని పూర్వులు సమీకరణం రాసి జమాఖర్చు ముగించారు. పాశ్చర్ తూకం వేసి చూస్తే ఆ లెక్క కుదరలేదు. కొంత గ్లిజరిన్, కొంత సక్సినిక్ ఆమ్లం కూడా వస్తున్నాయి, కొంత చక్కెర ఈస్టు ఒంటికి పడుతోంది. నూటికి అయిదు వంతుల చిన్న తేడాను పక్కకు నెట్టకుండా పట్టుకోవడం ఆయన స్వభావం. ట్రెజరీలో పైసా తేడా వస్తే రాత్రి పది గంటల దాకా కూర్చున్న మనకు అది బాగా అర్థమవుతుంది.

1861లో ఆయన ఇంకొకటి గమనించారు. గాలి బాగా తగిలితే ఈస్టు సంతతిని విపరీతంగా పెంచుకుంటుంది. ఆల్కహాలు తక్కువగా వస్తుంది. గాలి అందకపోతే పెరగడం తగ్గి, తన బరువుకు ఎన్నో పదుల రెట్ల చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. ఇంట్లో వైన్ చేసేవారు మొదటి ఒకటి రెండు రోజులు మూత వదులుగా బట్టతో కప్పి ఉంచి, తరువాత గాలి చొరకుండా బిగించడం ఈ సూత్రం మీదనే.

వైన్ జబ్బులు, ఇంట్లో దుఃఖాలు

ఆ రోజులలో ఫ్రాన్సు వైన్ ఎగుమతులలో చాలా సరుకు దారిలోనే పులిసి, చేదెక్కి పాడయ్యేది. 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి దీని సంగతి చూడవలసిందిగా పాశ్చర్‌ను కోరాడు. ఆయన తన చిన్ననాటి ఆర్బ్వాకే వెళ్లి, అక్కడ తాత్కాలిక ప్రయోగశాల పెట్టి, ప్రతి జబ్బుకూ ఒక్కొక్క సూక్ష్మజీవి ఉన్నదని చూపారు. వైన్‌ను 50 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య కొద్దిసేపు వేడి చేస్తే అవి చచ్చిపోతాయి, రుచి చెడదు. 1865లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకుని, తరువాత ఎవరైనా వాడుకోవచ్చునని వదిలివేశారు. మన పాల ప్యాకెట్టు మీద ఆయన పేరు నిలిచింది ఈ పద్ధతి వల్లనే.

అదే కాలంలో ప్రాణులు గాలిలో వాటంతటవే పుడతాయన్న వాదాన్ని కూడా ఆయన ఎదుర్కొన్నారు. హంస మెడలాగా వంపు తిరిగిన గొట్టం గల గాజు బుడ్లలో రసాన్ని మరిగించి ఉంచితే, లోపలికి గాలి పోతుంది గాని, దుమ్ముతోపాటు వచ్చే సూక్ష్మజీవులు వంపులోనే ఆగిపోతాయి. రసం పాడు కాదు. ఈనాడు వైన్ జాడీకి బిగించే నీటి మూతను చూస్తే నాకు ఆ హంస మెడ గుర్తుకు వస్తుంది. దానిలోంచి లోపలి గాలి బయటకు పోతుంది, బయటి మురికి లోపలికి రాదు.

బయట ఇంత కీర్తి వస్తుండగా ఇంట్లో వరుసగా మరణాలు సంభవించాయి. పెద్ద కూతురు జాన్ 1859లో టైఫాయిడ్‌తో పోయింది. రెండేళ్ల పసిపాప కమీయ్ 1865లో, పన్నెండేళ్ల సెసీల్ 1866లో, మళ్లీ టైఫాయిడ్‌తో, పోయారు. అయిదుగురు పిల్లలలో మిగిలింది ఒక కొడుకు, ఒక కూతురు. కంటికి కనబడని ప్రాణులు తొట్టిలోని రసాన్ని పాడుచేస్తాయని తెలుసుకున్న తండ్రికి, అటువంటివే మనిషిని కూడా చంపుతాయేమో అన్న ఆలోచన ఎంత బాధతో వచ్చి ఉంటుందో మనం ఊహించవచ్చు.

పక్షవాతం, పింఛను

1868 అక్టోబరు 19న పాశ్చర్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. వయస్సు ఇంకా నలభై ఆరు నిండలేదు. బ్రతకరని చాలామంది అనుకున్నారు. ఆయన మంచం మీదనే పడుకుని, రాబోయే పనిని గూర్చి శిష్యులకు చెప్పి రాయించారు. మూడు నెలలకు, సరిగా నడవలేని స్థితిలోనే, పట్టుపురుగుల జబ్బుల పరిశోధన పూర్తి చేయడానికి దక్షిణ ఫ్రాన్సుకు ప్రయాణమయ్యారు. ఎడమ చేయి బిగుసుకుని, కాలు ఈడుస్తూనే తరువాతి ఇరవై ఏడేళ్లూ గడిపారు. ప్రయోగాలలో చేత్తో చేయవలసిన సున్నితపు పనులు శిష్యులు చేసేవారు. చూడడం, ఆలోచించడం, రాయించడం ఆయనవి.

మన సంచిక కనుక పింఛను సంగతి చెప్పకుండా ఉండలేను. ఆరోగ్యం కారణంగా ఆయన సోర్బాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మానుకోవలసి వచ్చింది. 1874లో ఫ్రాన్సు జాతీయ సభ ఆయనకు సంవత్సరానికి 12,000 ఫ్రాంకుల పింఛను మంజూరు చేసింది. 1883లో దానిని 25,000 ఫ్రాంకులకు పెంచి, ఆయన తదనంతరం భార్యకు, ఆపైన పిల్లలకు చెందేటట్లు నిర్ణయించారు. అంటే మన మాటలలో ఫ్యామిలీ పెన్షన్. ఆయన పింఛను తీసుకుంటూ చేసిన పనే, ఉద్యోగంలో ఉండగా చేసినదానికంటే లోకానికి ఎక్కువ ఉపయోగపడింది.

గాజు ఇంట్లో ద్రాక్షతీగ

1878లో ఒక చిక్కు వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరిలో చనిపోయిన క్లోడ్ బెర్నార్ అనే గొప్ప శరీరశాస్త్రజ్ఞుడు, పాశ్చర్‌కు ఆప్తుడు. ఈస్టు లేకుండానే ద్రాక్షరసంలో ఆల్కహాలు పుడుతుందని ఆయన రాసుకున్న కాగితాలు మరణానంతరం అచ్చయ్యాయి. పోయిన స్నేహితుని మాటను కాదనడం కష్టం. ఊరుకుంటే ఇరవై ఏళ్ల పని నీటిపాలు.

పాశ్చర్ మాటలతో జవాబివ్వకుండా ఆర్బ్వాకు వెళ్లారు. అక్కడి తన ద్రాక్షతోటలో, ఆగస్టులో కాయలు ఇంకా పచ్చిగా గట్టిగా ఉండగానే, కొన్ని తీగల చుట్టూ గాజు ఇళ్లు కట్టించారు. గుత్తులకు దూది చుట్టించారు. అప్పటికి కాయల మీద ఈస్టు చేరదని ఆయనకు ముందే తెలుసు. అక్టోబరులో పండ్లు పండాక రెండు రకాలనూ నలిపి చూశారు. ఆరుబయట పండిన ద్రాక్షరసం రెండు రోజులు తిరగకుండానే పొంగింది. గాజు ఇంట్లో దూది కింద పండిన ద్రాక్షరసం తియ్యగా అలాగే ఉండిపోయింది. ఆ గుత్తులను జాగ్రత్తగా పారిస్ తీసుకుపోయి అకాడమీలో అందరి ముందూ పెట్టారు.

ఈస్టు బయటి నుండి వచ్చి చేరవలసిందే అని దీనితో రుజువైంది. ఎక్కడి నుండి వస్తుందన్నది తరువాతివారు మరింత పరిశోధించారు. బాగా ఉన్న పండు తొక్క మీద మంచి వైన్ ఈస్టు చాలా కొద్ది, చిట్లిన పండ్ల మీద ఎక్కువ. కందిరీగల వంటివి దానిని ఒక చోటి నుండి మరొక చోటికి మోస్తాయి. మన తాటికల్లు, ఈతకల్లు కుండలలో పొంగేది కూడా ఇలా గాలి, పురుగులు, పాత కుండల ద్వారా చేరిన ఈస్టే.

ఇక ఎంత వేయాలి?

ఇప్పుడు మా మనవడి ప్రశ్నకు వద్దాం. ఎండిన వైన్ ఈస్టు ఒక గ్రాములో వెయ్యి కోట్ల వరకు సజీవ కణాలు ఉంటాయి. లీటరు రసానికి పావు గ్రాము సరిపోతుంది. అనగా 4 లేక 5 లీటర్ల జాడీకి ఒక గ్రాము, లేదా దానికి కొంచెం పైన. 5 గ్రాముల ప్యాకెట్టు ఒకటి సుమారు 20 లీటర్ల దాకా వస్తుంది. త్రాసు లేనివారు అర టీ చెంచాకు కొంచెం తక్కువ అనుకుంటే ఒక గ్రాము దగ్గరకు వస్తారు.

దీనికి లెక్క చూడండి. లీటరుకు పావు గ్రాము వేస్తే, ఒక మిల్లీలీటరు రసంలో సుమారు 25 లక్షల కణాలు పడతాయి. పులియడం జోరుమీద ఉన్నప్పుడు అదే మిల్లీలీటరులో 10 కోట్ల వరకు కణాలు ఉంటాయి. 25 లక్షలు రెట్టింపైతే 50 లక్షలు, ఆపైన కోటి, రెండు కోట్లు, నాలుగు, ఎనిమిది. అయిదారుసార్లు రెట్టింపు అయితే చాలు. ఒకటి రెండు రోజుల పని. మూడింతలు వేసినవాడికి కలిసివచ్చేది కొద్ది గంటలు మాత్రమే.

ఎక్కువ వేస్తే ఆల్కహాలు పెరుగుతుందా అంటే పెరగదు. అది చక్కెరను బట్టి ఉంటుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే నూటికి ఒక వంతు ఆల్కహాలు వస్తుంది. ఈస్టు మరీ ఎక్కువైతే రసం ఒక్కసారిగా పొంగి వేడెక్కుతుంది, పండు వాసన ఎగిరిపోతుంది, అడుగున మడ్డి ఎక్కువై ఈస్టు రుచి వస్తుంది. మరీ తక్కువైతే ఇంకొక ప్రమాదం. ఈస్టు బలం పుంజుకునేలోగా లిల్ తొట్లలోని చిన్న పుల్లల వంటి జీవులు, వినిగర్ చేసే జీవులు ముందుగా చోటు ఆక్రమిస్తాయి.

ఈస్టు పాతదైతే ముందుగా పరీక్షించాలి. 35 నుండి 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో, చిటికెడు చక్కెరతో కలిపి పావుగంట ఉంచితే నురగ రావాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం గదా, ఇది ఈస్టు ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. నురగ రాకపోతే అది చచ్చినట్లే, మరొక ప్యాకెట్టు తెరవాలి.

ద్రాక్ష కాక ఆపిల్, రేగు జాతి పండ్లు వంటి వాటితో చేసేటప్పుడు, ఈస్టు తినడానికి నత్రజని చాలకపోవచ్చు. అప్పుడు ఈస్టు పెంచకుండా, ఈస్టు ఆహారం పేరుతో దొరికే పొడిని దాని ప్యాకెట్టు మీద చెప్పిన కొలతలో వేయాలి. అందులో ముఖ్యమైనది అమ్మోనియా లవణమే. పాశ్చర్ 1860లో గుండుసూది తలంత ఈస్టుకు పెట్టిన భోజనం కూడా అదే. రొట్టెల ఈస్టు, వైన్ ఈస్టు ఒకే జాతివైనా, వైన్ కోసం ఎంపిక చేసినది ఆల్కహాలును బాగా తట్టుకుంటుంది, అడుగున చక్కగా పేరుకుంటుంది. జాడీ మూత మాత్రం పులిసేటప్పుడు గట్టిగా బిగించరాదు. గాలికి దారి లేకపోతే సీసా పగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. పై లెక్క అందుకు అనుమతి ఉన్న దేశాలలోని మన పిల్లల కోసం. మనకు తోడు గిన్నె ఉండనే ఉన్నది.

తొట్టి నుండి మనిషి వరకు

ప్రతి పులుపుకూ ఒక ప్రత్యేక జీవి ఉన్నట్లే, ప్రతి అంటురోగానికీ ఒక ప్రత్యేక జీవి ఉండాలన్న దారిలో పాశ్చర్ ముందుకు నడిచారు. కోళ్ల కలరాకు, గొర్రెల దొమ్మరోగానికి టీకాలు తయారుచేశారు. 1881లో పుయి ల ఫోర్ గ్రామంలో టీకా వేసిన గొర్రెలు బ్రతకడం, వేయనివి చావడం జనం కళ్లారా చూశారు. 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి వరుసగా సూదులు వేయించారు. పిల్లవాడు బ్రతికాడు. ప్రజల విరాళాలతో పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1888 నవంబరులో ప్రారంభమైంది.

ఆ వెలుగు మన దాకా కూడా వచ్చింది. 1900లో కసౌలీలో, 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. మద్రాసు రాజధానిలో మన జిల్లాలు ఉన్న రోజులలో కుక్కకాటు తగిలితే కూనూరు వెళ్లాలని పెద్దలు చెప్పుకునేవారు. ఆ కూనూరుకు మూలం ఫ్రాన్సులోని బీట్ దుంపల తొట్టి.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న పారిస్ సమీపంలో కన్నుమూశారు. ఆయన దేహాన్ని ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే సమాధి చేశారు.

తరువాతి కథ కూడా చెప్పడం న్యాయం. 1897లో బుక్నర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, కణాలు లేని రసం తీశాడు. ఆ రసం కూడా చక్కెరను పులియజేసింది. పనిచేసేవి ఈస్టులోని ఎంజైములని తేలింది. అందుకు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. కనుక రసాయనశాస్త్రం వైపు కూడా కొంత సత్యం ఉన్నది. అయితే ఆ ఎంజైములను తయారుచేసేది ప్రాణమున్న కణమే.

ఆయన నోటు పుస్తకాలు వందకు పైగా ఉన్నాయి. వాటిని పైవారికి చూపవద్దని కుటుంబానికి చెప్పి ఉంచారు. మనవడు 1964లో వాటిని జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. 1995లో జెరాల్డ్ గైసన్ అనే చరిత్రకారుడు వాటిని పరిశీలించి రాసిన గ్రంథం వచ్చింది. 1881 నాటి గొర్రెల టీకా, పాశ్చర్ చెప్పుకున్న పద్ధతిలో కాక, శిష్యుడు షాంబర్లాన్ వేరే రసాయనంతో చేసిన పద్ధతిలో తయారైందని అందువల్ల లోకానికి తెలిసింది. ఇది విని కొందరు ఆయనను తక్కువ చేశారు. నాకు తోచింది వేరు. పైకి చెప్పిన మాట ఎలా ఉన్నా, పుస్తకంలో జరిగినది జరిగినట్లు రాసి పెట్టారు, ఆ కాగితం చింపలేదు. కనుకనే షాంబర్లాన్‌కు దక్కవలసిన పేరు నూరేళ్ల తరువాతనైనా దక్కింది. రికార్డు సరిగా ఉంటే అన్యాయం ఎప్పటికైనా సరిదిద్దబడుతుందని, మన ఉద్యోగ జీవితంలో సీనియారిటీ జాబితాల కోసం తిరిగినవారందరికీ తెలుసు.

మన సంఘంలో పక్షవాతం వచ్చి మంచాన పడిన సభ్యులు ఉన్నారు. వారిలో కొందరు ఇక మావల్ల ఏమి అవుతుందని సమావేశాలకు రావడం, ఉత్తరాలు రాయడం కూడా మానుకున్నారు. వారి ఇంటివారు ఈ వ్యాసం చదివి వినిపించవలసిందిగా మనవి. పనిచేయని ఎడమ చేయితో ఒక మనిషి ద్రాక్షతీగ చుట్టూ గాజు ఇల్లు కట్టించి ఈస్టు రహస్యం తేల్చాడు, కుక్కకాటుకు మందు కనిపెట్టాడు. మనకు అంత పని అక్కరలేదు. తోడు అంత పని చాలు. ఒక ఉత్తరం, ఒక ఫోను, మనవలకు ఒక లెక్క చెప్పడం, అంతే.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.